కన్నెగంటి హనుమంతు: బలప్రయోగమునకు హద్దు

పల్నాట పుల్లరి యను మాట వినబడినతోడనే పెద్దలకు జ్ఞప్తికి వచ్చు పేరు కన్నెగంటి హనుమంతు. ఆయన శాసనసభలలో కూర్చున్నవాడు కాడు, న్యాయవాది కాడు, గ్రంథములు రచించినవాడును కాడు. కొండలకును అడవికిని నడుమ పొలమును పశువులను నమ్ముకొని బ్రదికిన రైతు. అయినను ఆయన మరణము ఏ కాలమునకైనను, ఏ ప్రభుత్వమునకైనను వర్తించు ప్రశ్న నొకదానిని మన ముందుంచి పోయినది. సర్కారు సేవకుడు ప్రజలపై తుపాకి పేల్చుటకు చట్టము ఎప్పుడు అనుమతించును? గృహస్థు తన దేహమును, తన సొత్తును కాపాడుకొనుటకు ఎంతవరకు చేయి యెత్తవచ్చును? ఈ రెండును ఒకే ప్రశ్నకు రెండు ముఖములు. హనుమంతుని జీవితమును స్మరించుకొనునపుడు వీరుడని కొనియాడి ఊరకుండుట చాలదు. ఈ ప్రశ్నను ధర్మదృష్టితో విచారించుటయే ఆయనకు తగిన స్మరణ.

పల్నాడనగానే పన్నెండవ శతాబ్దమునాటి కారెంపూడి యుద్ధము, బ్రహ్మనాయుడు, నాగమ్మ మన కన్నుల యెదుట నిలుతురు. కాని ఆ సీమలో రైతు నిత్యము సలిపిన యుద్ధము వేరు. ఉత్తరమున కృష్ణ పారుచున్నను నాడు ఆ నీరు పొలమున కెక్కలేదు. నాగార్జునసాగరము కుడి కాలువ వచ్చినది స్వాతంత్ర్యానంతరము. అంతకు పూర్వము వాన కురిసినచో పంట, కురియనిచో పస్తు. అట్టిచోట పశువే రైతునకు రెండవ పొలము. ఎద్దు దున్నును, ఆవు పాలిచ్చును, పేడ ఎరువగును; పంట పోయిన యేట పశువు నమ్మి గింజలు కొనుక్కొందురు. ఆ పశువునకు మేత పొలముగట్లపై లేదు, నల్లమల అంచుననున్న అడవిలో కలదు.

తాతల నాటినుండి పశువులు స్వేచ్ఛగా మేయుచుండిన ఆ అడవులపై 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము క్రొత్త సరిహద్దులు గీచినది. ప్రభుత్వము రక్షితమని ప్రకటించిన అడవిలో అనుమతి లేక పశువును తోలుట నేరమైనది. అనుమతికి రుసుము చెల్లించవలెను, అదియే పుల్లరి. చెల్లింపని పశువును పట్టి బందెలదొడ్డికి తోలు నధికారము అడవి ఉద్యోగులకు లభించినది. విడిపించుకొనుటకు జరిమానా, దొడ్డిలో మేపినందులకు ఖర్చు. వీనికి తోడు క్రింది యుద్యోగుల చేతివాటము. పశువుల సంఖ్య అధికముగా వ్రాసిరనియు, మామూళ్లు అడిగిరనియు రైతులు మొరలిడుచుండిరి. పన్ను స్వల్పమని కచ్చేరిలో తోచవచ్చును. కరవు కాలమున ఇరువది పశువులు గల కుటుంబమునకు అది స్వల్పము కాదు.

ఇట్టి సీమలో, నేటి దుర్గి మండలమునకు చేరిన కోలగట్ల గ్రామమున, 1870 ప్రాంతమున హనుమంతు జన్మించెను. పిదప మించాలపాడు ఆయనకు నివాసమైనది. కలిగిన కుటుంబము, పొలమును మందయు గల యిల్లు. ఇరుగుపొరుగు పల్లెలవారు తగవు తీర్పుకు, ఆపదలో సాయమునకు ఆయన వాకిటికి వచ్చుచుండిరని పల్నాటివారు చెప్పుదురు. పుల్లరి చెల్లించుటకు శక్తి లేక ఆయన ఎదురు తిరిగినవాడు కాడని మనము గమనింపవలెను. చెల్లింపగలవాడు చెల్లింపలేనివారి పక్షమున నిలిచెను. పెద్ద రైతు పన్ను కట్టి తన మందను మేపుకొని, పేదవాని ఆవు దొడ్డికి పోవుచుండగా మౌనము వహించుట సులభము. ఆ సులభమార్గమును హనుమంతు త్రొక్కలేదు.

1921వ సంవత్సరమున దేశమంతట సహాయ నిరాకరణోద్యమము వ్యాపించుచుండెను. గుంటూరు మండలము ఆ యుద్యమమునకు ఆయువుపట్టు. చీరాల పేరాలలో ప్రజలు పురపాలక సంఘపు పన్నును నిరసించి ఊరు విడిచిపోయిరి. పల్నాట ఆ యేటి వర్షాభావము అసంతృప్తికి ఆజ్యము పోసినది. పుల్లరి కట్టకయే పశువులను అడవికి తోలుట మొదలయ్యెను. అంతతో ఆగక గ్రామస్థులు ఉద్యోగులతో సాంఘిక సంబంధములను తెంచుకొనిరి. చాకలి బట్ట లుతుకడు, మంగలి క్షౌరము చేయడు, అంగడివాడు సరుకు లమ్మడు. ఊర మకాముచేసిన యుద్యోగికి కుండెడు నీరు తెచ్చిపెట్టువాడు కరవయ్యెను.

ఈ పరిస్థితులను కన్నులార చూచి రమ్మని ఆంధ్ర కాంగ్రెసువారు ఉన్నవ లక్ష్మీనారాయణగారిని, మాడభూషి వేదాంతము నరసింహాచార్యులుగారిని పల్నాటికి పంపిరి. ప్రభుత్వము వారిని సహింపలేదు. సత్ప్రవర్తనకు జామీను ఇమ్మని కోరగా వారు నిరాకరించి కారాగారమునకు పోయిరి. లక్ష్మీనారాయణగారు మాలపల్లి నవలను వ్రాసినది ఆ చెరసాలలోనే. పట్టణము నుండి వచ్చిన నాయకులు జైలులో చేరిన తరువాత ఉద్యమము అణగునని అధికారులు తలచియుందురు. కాని భారము పల్లెటి రైతు భుజములపైకి మారినది. వారిలో ముందు నిలిచినవాడు హనుమంతు. పదవులును భూములును ఆశ చూపి ఆయనను లోబరచుకొన యత్నించిరనియు, ఆయన లొంగలేదనియు జనులు నేటికిని కథలుగా చెప్పుకొనుచున్నారు.

1922 ఫిబ్రవరి మొదటి దినములలో ఉత్తరదేశమున చౌరీచౌరాలో జనసమూహము పోలీసుఠాణాను తగులబెట్టగా ఇరువదిమందికి పైగా పోలీసులు మృతినొందిరి. గాంధీమహాత్ముడు మనస్తాపమునొంది, ఆ నెల రెండవ వారమున బార్డోలీలో శాసనోల్లంఘనమును నిలిపివేయించెను. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున సాగిన పన్నుల నిరాకరణము కూడ ఆ దినములలోనే విరమింపబడెను. ఆ నెల ముగియకమునుపే మించాలపాటికి సాయుధ పోలీసులను వెంటబెట్టుకొని అడవి యుద్యోగులు వచ్చిరి. పుల్లరి చెల్లని పశువులను పట్టి తోలుకొని పోవ నారంభించిరి. గ్రామస్థులు అడ్డుపడిరి. ఘర్షణ జరిగెను. పోలీసులు తుపాకులు పేల్చిరి. హనుమంతుడు నేలకొరిగెను, ఆయనతోబాటు మరికొందరు ప్రాణములు కోల్పోయిరి.

జనులు గుంపుగా మీదికి వచ్చి రాళ్లు రువ్విరి గనుక ఆత్మరక్షణకై కాల్చవలసి వచ్చినదనుట ప్రభుత్వ పక్షపు వాదము. ఆలమందను కాపాడుకొన వచ్చినవారిని నిష్కారణముగా కాల్చిరనుట ప్రజల పక్షము. గాయపడి పడియున్న హనుమంతు దాహమని అడిగినను నీరు పోయనీయలేదని పల్నాడంతట ప్రతీతి. ఈ రెండు వాదములను పక్కపక్కన నుంచి, నాటి చట్టమునే కొలబద్దగా తీసికొని చూతము. ఆవేశము తోడుగా నున్నపుడు చట్టమును చూచుట కష్టము. నూరేండ్లు గడచినపిమ్మట ఆ పని కొంత తేలిక.

మొదట ఉద్యోగుల పక్షము. అడవిలో మేసిన పశువును పట్టు నధికారము వారికి చట్టమువలననే కలదు. 1871వ సంవత్సరపు పశువుల అతిక్రమణ చట్టము పట్టిన పశువును బలవంతముగా విడిపించుటను శిక్షార్హ మొనర్చి, ఆరు మాసముల ఖైదు గాని, 500 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధించినది. ఐదుగురుగాని అంతకు మించిగాని చేరి చట్టము అమలును బలముతో అడ్డగింప దలచినచో శిక్షాస్మృతి 141వ విభాగము ప్రకారము అది అక్రమ సమావేశము. 1898వ సంవత్సరపు నేర విచారణ స్మృతి అట్టి సమావేశమును చెదరిపొమ్మని ఆజ్ఞాపించు నధికారమును మేజిస్ట్రేటునకును, ఠాణా అధికారికిని ఇచ్చినది. ఆజ్ఞను పాటింపనిచో బలము నుపయోగింపవచ్చును; అవసరమైనచో అచటనున్న సామాన్య పురుషులను గూడ సాయమునకు పిలువవచ్చును. అట్లు పిలువబడి సద్భావముతో సాయపడిన పౌరునకు సైతము రక్షణ కలదు. కనుక పోలీసులు అచటికి వచ్చుటయే నేరమనుటకు చట్టము ఒప్పదు.

అయితే రాదగిన యధికారమును, కాల్చదగిన యధికారమును ఒకటి కావు. గుంపును చెదరగొట్టు బలము చెదరగొట్టుటకు చాలినంతయే కావలెను. సైన్యమును పిలిచిన సందర్భమున సైతము వీలైనంత తక్కువ బలమును వాడి, దేహమునకును ఆస్తికిని వీలైనంత తక్కువ హాని కలుగజేయవలెనని ఆ స్మృతి 130వ విభాగమున స్పష్టముగా నున్నది. సైనికునకే ఆ కట్టుబాటుండగా పోలీసునకు అంతకన్న ఎక్కువ స్వేచ్ఛ యెట్లుండును? నేరస్థుని బంధించునపుడు గూడ, మరణదండనగాని యావజ్జీవ ద్వీపాంతరవాసముగాని విధింపదగిన నేరము మోపబడనివానిని చంపుటకు 46వ విభాగము హక్కునీయలేదు. పుల్లరి ఎగవేతకును, పశువును విడిపించుటకును అట్టి శిక్షలు లేవు. ఆవు దొడ్డికి పోకుండ అడ్డుపడినవానిని ఆ కారణముచేత మాత్రమే కాల్చుట ఏ విభాగమునకును చెందదు.

కావున కాల్పులను సమర్థింపవలెనన్నచో మిగిలిన ఆధారము ఒక్కటే: ఆత్మరక్షణ. ఇచట పోలీసును గ్రామస్థుడును సమానులు. భారత శిక్షాస్మృతి 96 మొదలు 106 వరకు గల విభాగములు ప్రతి మనుష్యునకును ఈ హక్కునిచ్చినవి. 1837లో ఆ స్మృతి ముసాయిదాను సిద్ధపరచిన మెకాలే, ఈ దేశ ప్రజలలో తమను తాము కాపాడుకొను ధైర్యము పెంపొందవలెనని తలచి హక్కును విశాలముగా ఉంచెను. పరాయి ప్రభుత్వము వ్రాయించిన శాసనమున నిట్టి యుద్దేశ ముండుట వింతయే. కాని ఆ హక్కునకు కట్టిన గట్లు గట్టివి. ప్రాణభయముగాని, తీవ్రమైన గాయము కలుగునన్న భయముగాని సహేతుకముగా ఉన్నప్పుడే ఎదుటివాని ప్రాణము తీయువరకు హక్కు సాగును. భయము పుట్టిన క్షణమున హక్కు పుట్టును. భయము తొలగిన క్షణమున హక్కు నశించును. అవసరమునకు మించిన హాని చేయుట ఎన్నడును తగదు.

రైతు గృహస్థులకు ఈ భేదము నిత్యజీవితమున అక్కరకు వచ్చునది. రాత్రివేళ గోడకు కన్నము వేసి ఇంట చొరబడిన దొంగ విషయమున చట్టము విశాలముగా నున్నది. అవసరమైనచో మరణము కలిగించుటయు హక్కులో చేరును. పట్టపగలు కళ్లములో ధాన్యపు బస్తా నెత్తుకొనిపోవువానిని అడ్డగింపవచ్చును, పట్టుకొనవచ్చును, పెనుగులాటలో దెబ్బ తగిలినను తప్పులేదు. కాని ప్రాణభయము లేనిచోట వానిని చంపినచో అది హత్యానేరమునకు దారితీయును. దొంగ చిక్కి, చేతులు కట్టబడిన తరువాత స్తంభమునకు కట్టి కొట్టుట రక్షణ కానేకాదు, శిక్ష. శిక్షించు నధికారము న్యాయస్థానమునకు దక్క మరెవ్వరికిని లేదు.

ఇక మించాలపాటి గ్రామస్థులకు ఈ హక్కు వర్తించెనా? ఇచట మనము నిష్పాక్షికముగా మాటాడవలెను. ప్రభుత్వోద్యోగి తన పదవినిబట్టి సద్భావముతో చేయు పనిని, అది సంపూర్ణముగా చట్టబద్ధము కాకపోయినను, బలముతో ఎదిరించు హక్కు లేదని 99వ విభాగము చెప్పుచున్నది. అన్యాయముగా పశువును పట్టిరని తోచినచో పదిదినములలో మేజిస్ట్రేటు నొద్ద ఫిర్యాదు చేసి పరిహారము పొందవచ్చును. కావున కేవలము పశువులకొరకు కర్ర యెత్తుట చట్టము మెచ్చు పని కాదు. కాని ఆ 99వ విభాగముననే మినహాయింపు కలదు. ఉద్యోగి చేయు పనివలన ప్రాణభయముగాని తీవ్రగాయ భయముగాని సహేతుకముగా కలిగినచో ప్రజకు ఆత్మరక్షణ హక్కు తిరిగి వచ్చును. దుస్తు ఆ హక్కును తొలగింపజాలదు.

అనగా చట్టము కోరిన విచారణ యిది: ముందు ఎవరు ఎట్టి బలమును వాడిరి? చెదరిపొమ్మని ఆజ్ఞ యిచ్చిరా? రాళ్లు రువ్వినచో అవి ప్రాణాంతకమగునంత సమీపమున, అంత దట్టముగా పడెనా? వెనుకకు తగ్గుటకు, పశువులను నాటికి విడిచి మరునాడు వచ్చుటకు అవకాశ ముండెనా? నాయకుడు నేలకొరిగిన పిదప తుపాకులు నిలిచెనా? ఈ ప్రశ్నలకు సమాధానము ఉభయపక్షముల సాక్షులను పరీక్షించిన న్యాయాధిపతి ఈయవలెను. కాని 132వ విభాగము ఆ వాకిటికి గడియ వేసినది. సమావేశమును చెదరగొట్టుటలో చేసిన పనికి ఉద్యోగిపై అభియోగము తేవలెనన్నచో ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావలెను. పుల్లరి విధించినది ప్రభుత్వము. పోలీసులను పంపినది ప్రభుత్వము. అభియోగమునకు అనుమతి నీయవలసినదియు ప్రభుత్వమే. తన వ్యాజ్యమున తానే తీర్పరి కారాదన్నది పల్లెటి రచ్చబండ సైతము ఎరిగిన న్యాయము. మించాలపాటి అసలు గాయము ఇచట నున్నది.

ప్రజలు బలము నుపయోగించినపుడు చట్టము ఎంత చురుకుగా నడచునో పల్నాటివారికి అంతకు పూర్వమే అనుభవము. 1909లో నరసరావుపేట చేరువనున్న కోటప్పకొండ తిరునాళ్లలో జనులకును పోలీసులకును ఘర్షణ జరిగి ప్రాణనష్టము సంభవించెను. ఆ కేసు న్యాయస్థానమునకు పోయెను, విచారణ జరిగెను, చిన్నపరెడ్డి ఉరికంబ మెక్కెను. గుంపు చంపినచో కేసు సాగుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. తుపాకి చంపినచో అనుమతి కావలెను. ఒకే శాసనమునకు రెండు వాకిళ్లు. ఒకటి తెరిచియుండును, ఒకటి మూసియుండును.

హనుమంతు మరణించిన ఆరు మాసములకు, 1922 ఆగస్టులో, అల్లూరి సీతారామరాజు మన్యమున తిరుగుబాటు నారంభించెను. అచటను మూలకారణములలో అడవి నిర్బంధ మొకటి. మేతకును వంటచెరకునకును అడ్డుగట్టి, పిదప మొరను వినక, తరువాత తుపాకిని పంపు ప్రభుత్వము ఎంతకాలము బలముచే నిలువగలదు? స్వతంత్ర భారతమున 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము అడవిపై ఆధారపడి తరతరములుగా నివసించిన గిరిజనులకును, ఇతర సంప్రదాయ నివాసులకును పశువుల మేత హక్కును గూడ గుర్తించినది. పల్నాటి రైతు కోరినది అంతకు మించినది కాదు.

చట్టపు భాష మారినది. 2024 జులై 1వ తేదీనుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. ఆత్మరక్షణ హక్కు అందు 34 మొదలు 44 వరకు గల విభాగములలో దాదాపు అట్లే నిలిచియున్నది. అదే దినమున అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 148వ విభాగమున సమావేశములను చెదరగొట్టు నధికారమును, 151వ విభాగమున ముందస్తు అనుమతి యను పాత గడియయు నిలిచినవి. కాని న్యాయస్థానములు ఆ తలుపును కొంత తెరువ యత్నించినవి. పోలీసు కాల్పులలో మరణము సంభవించిన ప్రతిసారి కేసు నమోదు చేయవలెననియు, ఆత్మరక్షణ వాదమును విచారణలోనే నిరూపింపవలెననియు 2009లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు విస్తృత ధర్మాసనము చెప్పెను. ఆ తీర్పు అమలును సర్వోన్నత న్యాయస్థానము నిలిపినను, 2014లో తానే అట్టి మరణములపై కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ తప్పవని నిబంధనలు విధించినది. 1922లో మించాలపాటికి ఈ మూడును దక్కియున్నచో చరిత్ర మరొకరీతిగా నుండెడిదేమో.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయినది. హనుమంతు మరణించిన నూరేండ్లకు ఆ సీమకు తన పేరు దక్కుట ఉచితమే. పేరు కన్న మిన్న యైనది మరియొకటి కలదు. బలము చేతనున్నవాడు, ఖాకీ ధరించినవాడైనను, కర్ర పట్టినవాడైనను, ఏ క్షణమున తన బలము రక్షణము మాని కక్షగా మారునో ఎరిగియుండవలెను. ఆ క్షణమును నిర్ణయించునది బలవంతుడు కాదు, నిష్పాక్షికమైన విచారణ. అట్టి విచారణను ప్రతి మరణమునకును కోరుట ప్రజల హక్కు. నిరాకరింపకుండుట ప్రభుత్వపు విధి. మేత కొరకు నిలిచి ప్రాణమిచ్చిన పల్నాటి రైతునకు మనము తీర్పవలసిన ఋణ మిదియే.